పంటల పూర్వీకులు – 17: మానిటోబా నుంచి వచ్చిన మొరటు తీగ

1916. ఐరోపా యుద్ధంలో మునిగి ఉంది. ఇంగ్లండు ఆగ్నేయ కొసన, కెంట్ ప్రాంతంలో, వై అనే చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఒక వ్యవసాయ కళాశాల. ఆ ఏడాది కళాశాల నర్సరీకి కెనడా నుంచి ఒక కొమ్మ ముక్క వచ్చింది. మానిటోబా రాష్ట్రంలో మోర్డెన్ దగ్గర ఎవరూ నాటకుండా తనంత తానే అల్లుకుని పెరుగుతున్న అడవి హాప్ తీగ అది. పంపినాయన కెనడా ప్రభుత్వ ఉద్యానశాస్త్రవేత్త డబ్ల్యు.టి. మకూన్. అందుకున్నాయన ఎర్నెస్ట్ స్టాన్లీ సాల్మన్. తీగకు పేరేమీ పెట్టలేదు. పుస్తకంలో బి.బి.1 అని రాసుకుని నాటారు.

ఆ తీగ వైలో ఎక్కువ కాలం బతకలేదు. 1918–19 చలికాలంలో చచ్చిపోయింది. చెరువులు రాయిలా గడ్డకట్టే మానిటోబాలో బతికిన తీగ, దానితో పోలిస్తే చలే కాని కెంట్ చలిలో పోయింది. పోయేలోగా గింజలు మాత్రం ఇచ్చింది. ఈ వారం కథంతా ఆ గింజలదే.

కిందటి వారం బవేరియా దొరల 1516 నాటి శాసనం గురించి చెప్పుకున్నాం. బీరులో బార్లీ, నీళ్ళు, హాప్స్ తప్ప ఇంకేదీ వేయకూడదన్న శాసనం అది. ఈ ధారావాహికను మధ్యలో పట్టుకున్నవారి కోసం ఆ మూడోదాన్ని కాస్త పరిచయం చేయాలి. హాప్ అంటే పాకే తీగ. గంజాయి కుటుంబానిదే కానీ మత్తు గుణం లేదు. ఏటా వసంతంలో భూమిలోని దుంప నుంచి మొలిచి, గడియారపు ముల్లు తిరిగే దిక్కుకే కర్రను చుట్టుకుంటూ ఇరవై అడుగుల దాకా ఎగబాకుతుంది. శీతకాలం వస్తే పైభాగమంతా ఎండిపోతుంది. మన ఆకాకర పాదులాగే దీనికీ ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. పనికొచ్చేది ఆడ తీగ పువ్వు. కనకాంబరం వెన్నులో మాదిరిగా ఆకుపచ్చ రేకులు ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. ఒక్కో రేకును విప్పి చూస్తే మొదట్లో పసుపు చల్లినట్టు బంక పొడి. అదే లుపులిన్. బీరుకు చేదు, వాసన, పాడవకుండా నిలిచే గుణం మూడూ ఆ పొడి పుణ్యమే. చేదునిచ్చే పదార్థాన్ని ఆల్ఫా ఆమ్లం అంటారు. పువ్వు బరువులో అది నూటికి ఎంత ఉందన్నదాన్ని బట్టి హాప్ ధర పలుకుతుంది.

సాల్మన్ మొదట బూజుల శాస్త్రవేత్త. బూడిద తెగులు తెచ్చే శిలీంధ్రాల మీద 1900లో ఆయన రాసిన పెద్ద గ్రంథం ఆ రంగంలో చాలాకాలం ప్రమాణంగా నిలిచింది. 1906లో వై కళాశాలకు వచ్చాడు. కెంట్ అంటే హాప్ తోటల దేశం. ఊరూరా హాప్ ఆరబెట్టే గుండ్రటి బట్టీలు, వాటి మీద తెల్ల టోపీల్లాంటి పొగగొట్టాలు. ఏటా సెప్టెంబరులో లండన్ తూర్పు పేటల నుంచి పేద కుటుంబాలు పిల్లాజెల్లలతో పువ్వు కోతకు వచ్చి పడేవి. 1931లో ఆ కూలీల మధ్య జార్జ్ ఆర్వెల్ కూడా ఉన్నాడు. కోత కోసి, గీసుకుపోయిన చేతులతో దాని మీద వ్యాసమూ రాశాడు. అప్పటికి సాల్మన్ అదే కెంట్‌లో పాతికేళ్ళుగా హాప్ గింజలు మొలకెత్తిస్తున్నాడు.

హాప్ గింజ మొలకెత్తించడం ఎందుకు? అందాకా ఎవరికీ ఆ అవసరం పడలేదు. రైతు మంచి తీగ దుంప కోసి నాటుకుంటే చాలు, తల్లిలో ఉన్నదే పిల్లలో దిగుతుంది. గోల్డింగ్, ఫగుల్ అనే పేరున్న ఇంగ్లీషు రకాలన్నీ అలా ఎవరి తోటలోనో ఎప్పుడో దొరికి, దుంపల మీద వ్యాపించినవే. మల్లె, తమలపాకు మన దగ్గర అలాగే సాగుతాయి. ఇందులో ఒక చిక్కు ఉంది. ఊరంతా గోల్డింగే వేస్తే, వంశపరంగా ఆ ఊళ్ళో ఉన్నది ఒకటే మొక్క. దాన్ని పట్టగల తెగులు వస్తే ఊరంతా పడుతుంది. బూజుల మనిషి కనుక సాల్మన్‌కు ఇది అందరికంటే ముందు అర్థమై ఉండాలి.

పైగా బీరు తయారీదారుల బాధ ఇంకోటి. ఇంగ్లీషు హాప్‌లో వాసన సున్నితం, చేదు మాత్రం నూటికి నాలుగైదు పాళ్ళే. అమెరికా హాప్‌లో చేదు ఎక్కువ, వాసన మొరటు. ఆ రెండో దాని చేదు, మొదటి దాని వాసన ఒకే తీగలో కావాలని సాల్మన్ కోరిక. సంకరం చేయడమే దారి.

సంకరం చెప్పినంత తేలిక కాదు. ఆడ తీగ పూత విచ్చుకోకముందే కొమ్మకు కాగితపు సంచి కట్టాలి. ఎంచుకున్న మగ తీగ పుప్పొడి తెచ్చి, సంచి లోపలికి చల్లి, మళ్ళీ మూసేయాలి. శరదృతువులో గింజ ముదురుతుంది. దానికి కొంతకాలం చలి తగిలితేగాని మొలవదు. మొలిచాక గాజు ఇంట్లో నారు పెంచి, కావాలనే బూడిద తెగులు అంటిస్తారు. పడిపోయినవి పోగా మిగిలినవాటిని తోటలో నాటాలి. పూత చూడటానికి మళ్ళీ రెండు మూడేళ్ళు. వాటిలో సగం మగవి. మగదానికి పువ్వుల వెన్ను ఉండదు కనుక దాని దగ్గర ఎలాంటి చేదుందో, ఎలాంటి వాసన ఉందో చూసి చెప్పేవాడు లేడు. ఒంగోలు ఆబోతు మంచిదో కాదో దాని కూతుళ్ళ పొదుగు చూసి చెప్పినట్టే, మగ హాప్ సంగతి దాని ఆడ సంతానాన్ని బట్టే తేలాలి. ఇంతా చేసి వేల మొక్కల్లో ఒకటి నిలిస్తే అదృష్టం. గింజ పెట్టిన రోజు నుంచి రైతు చేతికి వెళ్ళేదాకా పది పన్నెండేళ్ళు మామూలు. సాల్మన్ 1959 దాకా బతికాడు కాబట్టి తన పని ఫలితం కొంత కళ్ళారా చూశాడు.

బి.బి.1 విషయంలో సంచి కూడా కట్టలేదు. నర్సరీలో ఉన్న ఏదో ఇంగ్లీషు మగ తీగ పుప్పొడి గాలికి వచ్చి వాలింది. తండ్రి ఎవరో ఈనాటికీ తెలియదు. ఆ గింజల నుంచి 1919లో పెరిగిన నారులో రెండు ఆడ మొక్కలు సాల్మన్ దృష్టిలో పడ్డాయి. ఒకటి తర్వాత బ్రూవర్స్ గోల్డ్ అయింది, ఇంకోటి బుల్లియన్. చేదు గోల్డింగ్‌కు దాదాపు రెట్టింపు.

ఇక్కడ కథను ఒక్క నిమిషం ఆపి మన వైపు చూడాలి. సరిగ్గా అవే సంవత్సరాల్లో కోయంబత్తూరు చెరకు కేంద్రంలో సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ ఇలాంటి పనే చేస్తున్నారు. లావుపాటి తీపి చెరకును, ఎవరూ పట్టించుకోని రెల్లు గడ్డితో సంకరం చేశారు. 1918లో అలా బయటికొచ్చిన కో 205 ఉత్తర భారతపు చెరకు సాగు రూపురేఖలు మార్చింది. రెల్లులో తీపి ఎక్కడుంది? మొండితనం ఉంది. మానిటోబా తీగలోనూ సున్నితత్వం ఏమీ లేదు, చేదు ఉంది. ఇళ్ళలో పెంచుకునే జాతులకు ఒంట్లో సత్తువ తగ్గినప్పుడల్లా అడవిలోని దూరపు చుట్టాన్ని పిలుచుకురావడం ఈ ధారావాహికలో మనకు కొత్త కాదు. చుట్టరికం ఎంత దూరమో సాల్మన్‌కు తెలిసే వీలు లేదు. డి.ఎన్.ఎ. పోల్చి చూసిన తర్వాత తేలింది, ఐరోపా హాప్, అమెరికా హాప్ విడిపోయి సుమారు పది లక్షల ఏళ్ళయిందట. పది లక్షల ఏళ్ళ తర్వాత ఆ రెండు శాఖలూ మళ్ళీ కలిసినవాటిలో ఒకటి కెంట్‌లోని ఈ నర్సరీ మడి.

బ్రూవర్స్ గోల్డ్ 1934లో, బుల్లియన్ 1938లో రైతులకు విడుదలయ్యాయి. బీరు వ్యాపారులు చేతిలో వేసుకుని నలిపి, మూతి ముడుచుకున్నారు. హాప్ వ్యాపారంలో కొనేవాడు చేసే పరీక్ష ఇప్పటికీ అదే. గుప్పెడు పువ్వు తీసుకుని రెండు అరచేతుల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఇంగ్లీషు ముక్కుకు ఆ వాసన అమెరికా మొరటుతనంగా తగిలింది. నల్ల కరెంట్ పళ్ళ వాసన అన్నారు కొందరు, పిల్లి వాసన అన్నారు ఇంకొందరు. చేదు కోసం కావాలంటే కొద్దిగా కలుపుకుంటాం, వాసన వచ్చే చోట వద్దు అన్నారు. దాంతో రెండు రకాలూ వంటింట్లో ఉప్పుడు బియ్యంలా పక్కకు జరిగాయి. అవసరానికి ఉంటాయి, అతిథి విస్తట్లోకి రావు.

సాల్మన్ ఆగలేదు. 1934లోనే కాంటర్‌బరీ గోల్డింగ్ ఆడ తీగకు బ్రూవర్స్ గోల్డ్ వంశపు మగ తీగతో సంకరం కట్టాడు. అందులో నుంచి 1944లో నార్తర్న్ బ్రూవర్ వచ్చింది. చేదు తగ్గలేదు, మొరటు వాసన తగ్గింది. సముద్రం దాటి జర్మనీ వెళ్ళింది, అమెరికా వెళ్ళింది. జర్మన్ రకం పర్లే దాని బిడ్డే. ఇప్పుడు మార్కెట్‌లో ఉన్న గట్టి చేదు రకాల్లో చాలావాటి వంశవృక్షం వెనక్కి వెళితే ఎక్కడో ఒకచోట బ్రూవర్స్ గోల్డ్ తగులుతుంది. అమెరికాలోని ఐడహోలో 1968లో బ్రూవర్స్ గోల్డ్ గింజల నుంచి గలీనా పుట్టింది. గలీనా బిడ్డ హలర్టావు మాగ్నమ్. కూర్చుని లెక్కపెడితే మానిటోబా తీగ మునిమనవళ్ళు ఒక ఊరవుతారు.

ఈలోగా తెగుళ్ళు ఊరుకోలేదు. 1920లలో బూజు తెగులు జర్మనీ తోటల్ని ఊడ్చేసింది. ఆ దెబ్బకే 1926లో హలర్టావు ప్రాంతంలోని హ్యూల్ గ్రామంలో హాప్ పరిశోధన కేంద్రం వెలిసింది. అక్కడ పని ఇప్పటికీ నడుస్తోంది. ఇంగ్లండులో ఎండు తెగులు 1924లో కెంట్‌లోని పెన్స్‌హర్స్ట్‌లో కనబడింది. ఇది మట్టిలో ఉండే శిలీంధ్రం. వేరులోంచి ఎక్కి నీటి నాళాలు మూసేస్తుంది. మందు కొట్టి లాభం లేదు. తోట పీకి తగలబెట్టాలి, ఆ నేలలో మళ్ళీ హాప్ వేయకూడదు. తాత నాటిన తోట తగలబెట్టమని ఇన్‌స్పెక్టర్ కాగితం ఇస్తే కెంట్ రైతు ఏమనుకుని ఉంటాడో మన పత్తి రైతును, మిరప రైతును అడిగినా చెబుతారు. వైలో సాల్మన్ తర్వాత వచ్చిన రే నీవ్ దాదాపు రెండు దశాబ్దాలు దీని మీద పనిచేశాక, 1972లో వై టార్గెట్ అనే రకం విడుదలైంది. ఎండు తెగులును తట్టుకుంటుంది, బూడిద తెగులునూ తట్టుకుంటుంది, చేదు నూటికి పదకొండు. దాన్ని నమ్ముకుని నిలిచిన కెంట్ తోటలు చాలా ఉన్నాయి.

చెక్ దేశంలో జాటెట్స్ ప్రాంతం దారి వేరు. అక్కడి ఎర్ర తీగ వాసనే వాళ్ళ పిల్స్‌నర్ బీరుకు ప్రాణం. కొత్త రక్తం ఎక్కిస్తే ఆ వాసన పోతుందని భయం. అందుకే 1927 నుంచి కారెల్ ఓస్వాల్డ్ ఊళ్ళ వెంట తిరిగి, పాత తోటల్లోనే ఏ తీగ బలంగా ఉంది, ఏది ఎక్కువ కాస్తోంది అని ఒక్కో తీగా చూసి ఏరాడు. ఆయన 1948లో పోయాడు. ఆయన ఏరిన మూడు తీగలు, 31, 72, 114 నంబర్లవి, 1952లో అధికారికంగా నమోదయ్యాయి. సంకరం లేకుండా, ఉన్నదాంట్లో మేలైనదాన్ని ఏరుకోవడం కూడా ప్రజననమే. మన రైతు కళ్ళంలో మంచి వెన్ను విత్తనానికి పక్కన పెట్టడం లాంటిదే.

ఇక అట్లాంటిక్ అవతలికి వెళ్దాం. ఆరెగాన్ రాష్ట్రంలోని కోర్వాలిస్‌లో అమెరికా వ్యవసాయ శాఖ 1930ల మొదట్లో హాప్ ప్రజననం మొదలుపెట్టింది. కారణం మళ్ళీ బూజు తెగులే. 1956లో అక్కడ ఒక ఆడ తీగ నుంచి గింజలు సేకరించారు. దాని వంశంలో ఇంగ్లీషు ఫగుల్ ఉంది, రష్యాకు చెందిన సెరెబ్ర్యాంకా ఉంది. తండ్రి షరా మామూలుగా గాలి తెచ్చినవాడు. ఎంపికైన మొక్కకు 56013 అని నంబరు. బూజును బాగా తట్టుకుంటోంది. బీరు కంపెనీలు మాత్రం మళ్ళీ ముక్కు మూసుకున్నాయి. నిమ్మ, పంపరపనస కలిసినట్టు వాసన. జర్మన్ హాప్ వాసనకు అలవాటుపడ్డ వ్యాపారం అది. మొక్క పదేళ్ళకు పైగా నర్సరీ మళ్ళలో పడి ఉంది.

దాని అదృష్టం జర్మనీలో ఎండు తెగులు రూపంలో వచ్చింది. హలర్టావు మిట్టెల్‌ఫ్రూ అనే జర్మన్ వాసన రకాన్ని తెగులు తినేయడంతో ధర ఆకాశానికి వెళ్ళింది. అమెరికాలో కూర్స్ కంపెనీ బదులు రకం కోసం వెతికి, ఈ 56013ను ఒప్పుకుంది. 1972లో కాస్కేడ్ అన్న పేరుతో విడుదలైంది. పేరు అక్కడి పర్వతశ్రేణిది. పెద్ద కంపెనీల మోజు తీరాక ఇది కూడా మూలపడేదే. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ అనే చిన్న బీరు బట్టీ తన లిబర్టీ ఏల్ అనే బీరులో కాస్కేడ్ దండిగా వేసింది. 1980లో పుట్టిన సియెర్రా నెవాడా తన పేల్ ఏల్‌ను కాస్కేడ్ మీదే నిలబెట్టింది. పెద్దలు ఏ వాసన దాచాలని చూశారో, చిన్నవాళ్ళు ఆ వాసననే సీసా మీద అచ్చేసి అమ్మారు.

1965లో కోర్వాలిస్‌కు వచ్చిన ఆస్ట్రియా మనిషి ఆల్ఫ్రెడ్ హౌనోల్డ్ ఇంకో మార్గం పట్టాడు. మామూలు హాప్‌కు క్రోమోజోములు 20, అంటే పదేసి చొప్పున రెండు వరసలు. కాల్చిసిన్ అనే మందుతో ఆ వరసల్ని నాలుగు చేయవచ్చు. నాలుగు వరసల ఆడదాన్ని రెండు వరసల మగదానితో కలిపితే బిడ్డకు మూడు వరసలొస్తాయి. బేసి లెక్క కనుక గింజ దాదాపు కట్టదు. మనం తినే అరటిపండులో గింజ లేకపోవడానికి కారణం ఇదే. అరటి మూడు వరసల మొక్క. గింజ లేని హాప్ బీరు పరిశ్రమకు కావాలి, ఎందుకంటే గింజలోని నూనె బీరుకు మంచిది కాదని జర్మన్ల వాదన. హలర్టావులో అడవి మగ తీగ కనబడితే పీకేయాలని నియమమే ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాట పట్టించుకోకుండా తోటలోనే మగ తీగలు నాటేవారు. ఈ గింజల తగాదా ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. హౌనోల్డ్ పద్ధతిలో ఫగుల్ వంశం నుంచి 1976లో విలమెట్ వచ్చింది. బడ్‌వైజర్ చేసే కంపెనీ దానికి పెద్ద కొనుగోలుదారు. 2008లో ఆ కంపెనీ చేతులు మారాక ఆర్డర్లు తగ్గి, విలమెట్ సాగు కుప్పకూలింది. మొక్కలో ఏ లోపమూ లేదు. నిజానికి మూడు వరసల హాప్ ఆలోచన న్యూజీలాండ్‌లో అంతకుముందే రూడీ రోబర్గ్ ఆచరణలో పెట్టాడు. 

ఇక డి.ఎన్.ఎ. రోజులు. ప్రజననకర్తకు ఇందులో అన్నిటికంటే మొదట అక్కరకొచ్చింది చిన్న పనే. నారు రెండాకుల దశలో ఉండగానే అది ఆడదో మగదో చెప్పగల గుర్తులు 1990లలో దొరికాయి. రెండు మూడేళ్ళు పూత కోసం ఎదురుచూసే బాధ తప్పింది. తర్వాత తెగులును ఎదిరించే జన్యువుల జాడలు. 1997లో బూడిద తెగులు మొదటిసారి వాషింగ్టన్ రాష్ట్రపు తోటల్లో దిగింది. ఆర్6 అనే జన్యువున్న రకాలు కొన్నేళ్ళు దాన్ని ఆపాయి. 2012 నాటికి శిలీంధ్రం ఆ తాళానికి కూడా చెవి చేసుకుంది. అందుకే ఇప్పుడు ఒక మొక్కలో రెండు మూడు తాళాలు వేయాలని చూస్తారు. అన్నీ పడ్డాయో లేదో కంటితో తెలియదు, డి.ఎన్.ఎ. పరీక్షతోనే తెలుస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2015 ప్రాంతంలో హాప్ జన్యుపటం తొలి ముసాయిదా ఇచ్చారు. 2021లో కాస్కేడ్ జన్యుపటం ఇంకా వివరంగా వచ్చింది. మొత్తం దాదాపు 270 కోట్ల అక్షరాలు, మనిషి పుస్తకానికి కాస్త తక్కువ. అందులో ఎక్కువ భాగం చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పడం. చదవడానికి విసుగు పుట్టించే పుస్తకం.

వేరే జీవి జన్యువు చొప్పించిన హాప్ మాత్రం మార్కెట్‌లో లేదు. బీరు కంపెనీలు ఆ మాటే వినడానికి ఇష్టపడవు. ఇందులో ఒక తమాషా ఉంది. 2018లో బర్క్‌లీ శాస్త్రవేత్తలు ఈస్ట్‌లో జన్యువులు మార్చి, హాప్ లేకుండానే హాప్ వాసనలో కొంత భాగం పుట్టించారు. తీగను ముట్టుకోవద్దన్నవాళ్ళు తొట్టి లోపలి సంగతి ఏమంటారో చూడాలి.

తీగకు మాత్రం రోజులు బాగాలేవు. 2023లో ప్రచురితమైన ఒక పరిశోధన ఎండలు, కరువుల వల్ల ఐరోపా వాసన రకాల్లో చేదు 2050 నాటికి 20 నుంచి 31 శాతం తగ్గవచ్చని అంచనా వేసింది. మన దగ్గర పండించుకుందామా అంటే, హాప్‌కు వేసవిలో పొడుగాటి పగలు కావాలి. కెంట్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు. హైదరాబాద్‌లో అత్యధికం పదమూడు గంటల పైచిలుకు. అంత చిన్న పగటికి తీగ ఎదగక ముందే పూతకొస్తుంది. దేశం మొత్తం మీద హిమాచల్‌లోని లాహౌల్ లోయ లాంటి ఎత్తైన చోటే అది నిలదొక్కుకుంది. హైదరాబాద్ మైక్రోబ్రూవరీలో గ్లాసులోకి వచ్చే పంపరపనస వాసన సముద్రాలు దాటి వచ్చినదే.

ఆ వాసన మాటకొస్తే, 1990లో అమెరికాలో జీన్ ప్రొబాస్కో అనే ప్రజననకర్త ఒక సంకరం కట్టాడు. పదిహేడేళ్ళకు పైగా అది ఎక్స్-114 అనే నంబరుతో కొద్దిపాటి మొక్కలుగా ఉండిపోయింది. వాసన మరీ ఘాటుగా ఉంది, ఎవరు కొంటారన్న అనుమానం. చివరికి సియెర్రా నెవాడా, డెషూట్స్, విడ్మర్ కంపెనీలు డబ్బు పెట్టి సాగు పెంచాయి. 2008లో విడ్మర్ వాళ్ళ ఎక్స్-114 బీరుకు వరల్డ్ బీర్ కప్‌లో స్వర్ణం దక్కింది. ఆ ఏడే సిట్రా అన్న పేరుతో మార్కెట్‌లోకి దిగి, ఇప్పుడు అమెరికాలో విస్తారంగా సాగవుతోంది. సిట్రాలో మామిడి, లిచీ, పంపరపనస, వాటి వెనకాల కొద్దిగా పిల్లి. ఈ పిల్లి వాసనకు మూలం 4-ఎంఎంపి అనే గంధకపు పదార్థం. లెక్కకు అందనంత కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది. జర్మన్ రకాల్లో ఇది దాదాపు కనబడదు. బోర్డో మిశ్రమం కొట్టిన తోటల్లో కూడా తగ్గిపోతుందని జపాన్ పరిశోధకులు గమనించారు. అంటే ఐరోపా రైతు బూజుకు మైలుతుత్తం చల్లి చల్లి, కొన్నిసార్లు ఆ వాసన తన తోటలో లేకుండా చేసుకున్నాడన్నమాట.

సిట్రా వంశపత్రం బయటికి ఇచ్చారు. సగం హలర్టావు మిట్టెల్‌ఫ్రూ, పాతిక శాతం అమెరికా టెట్‌నాంగర్, 3 శాతం ఈస్ట్ కెంట్ గోల్డింగ్. 19 శాతం బ్రూవర్స్ గోల్డ్. బ్రూవర్స్ గోల్డ్‌లో సగం బి.బి.1.

(ఇంకా ఉంది)